నిర్మల్ గంజీఫా: ముందుగా కట్టిన వెల

కాగజ్‌నగర్ పేరులోనే కాగితం ఉన్నది. 1938లో స్థాపించిన సిర్పూరు కాగితపు మిల్లు వల్ల కొత్తపేట అనే పల్లె పట్టణమైంది. ఆ మిల్లుకు ఎంతో ముందే, అదే పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల్‌లో నకాషీ చిత్రకారులు గుండ్రని పేకముక్కలపై బొమ్మలు వేసేవారు. అదే గంజీఫా.

బాబరు 1527లో సింధుకు గంజీఫా పంపిన సంగతి ఆయన స్వీయచరిత్రలో ఉన్నది. పారశీకం నుండి వచ్చిన ఆ ఆట ఇక్కడ దశావతారాలను ధరించింది: పది రంగులు, రంగుకు పన్నెండేసి చొప్పున 120 ముక్కలు. పగలైతే రాముడు చేతికి వచ్చినవారు, రాత్రయితే కృష్ణుడు వచ్చినవారు ఆట మొదలుపెట్టాలి.

ప్రతి ముక్కనూ చేతితో చిత్రించాలి గనుక మేలురకం కట్టలకు సంపన్నుల పురమాయింపే ఆధారం. చౌకైన అచ్చుపేకలు వచ్చాక పురమాయించేవారూ, ఆడేవారూ తగ్గిపోయారు.

2009లో అమెరికాలో మొదలైన కిక్‌స్టార్టర్ ఆ పాత పద్ధతినే మరోవిధంగా తెచ్చింది: ఒక్క ప్రభువు స్థానంలో వేలమంది సామాన్యులు. 2015లో ఎక్స్‌ప్లోడింగ్ కిటెన్స్ అనే పేకాట అచ్చు కాకముందే 2,19,382 మంది దాదాపు 88 లక్షల డాలర్లు కట్టారు.

నిర్మల్ గంజీఫాకూ అటువంటి చందా పోగుచేయవచ్చు. కాని కట్టను అద్దాల బీరువాలో పెడితే చిత్రకళ నిలుస్తుందేమో, ఆట నిలవదు. కట్టతోపాటు ఆట నియమాలూ తెలుగులో అందాలి. ముగ్గురు కూర్చుని నలభయ్యేసి ముక్కలు పంచుకున్ననాడే ముందుగా కట్టిన ఆ వెల సార్థకమవుతుంది.