రోమాల రోగభూతములు

రోగమునకు కారణము తెలియని కాలమున మానవుడు దానికొక రూపమును, ఒక పేరును కల్పించుకొనెను. పేరుగల శత్రువును బ్రతిమాలవచ్చును, లేదా తరిమివేయవచ్చును. జిప్సీలని లోకము పిలుచు రోమాల గాథలలో ఈ కల్పన విశేషముగా కనబడును.

హైన్రిక్ ఫాన్ వ్లిస్లోకీ (1856-1907) అను పండితుడు ట్రాన్సిల్వేనియా ప్రాంతమున గుడారములలో వసించు రోమాలతో కలిసి తిరిగి, వారి విశ్వాసములను సేకరించి 1891లో జర్మను భాషలో ప్రకటించెను. అందలి కథ యిది. కెషాలీలనబడు వనదేవతలకు ఆన రాణి. లొచోలికోలను భూతముల రాజు ఆమెను మోహించెను. ఆమె నిరాకరింపగా ఆతని గణములు కెషాలీలపై బడెను. తనవారి రక్షణకై ఆన ఆ వివాహమునకు తలయొగ్గెను. ఆ అనిష్టదాంపత్యమున జన్మించిన తొమ్మిది సంతానమే రోగభూతములు.

జ్యేష్ఠుడు రెండు తలల పక్షి మెలాలో; మనుష్యులకు ఉన్మాదము కలిగించును. థూలో కడుపునొప్పిని, షిలాలీ చలిజ్వరమును, లోల్మిషో చర్మరోగములను తెచ్చును. కడపటిది పోరెస్కోరో. దానికి నాలుగు పిల్లితలలు, నాలుగు కుక్కతలలు, తోకగా సర్పము. కలరా, ప్లేగు వంటి మహమ్మారులు దాని పని. దానిని చూచి తండ్రియే భీతిల్లి, ఆనకు విముక్తి నొసగెనట.

ఈ పేర్లు మనకు పూర్తిగా పరాయివి కావు. రోమనీ భాషలో 'మెల్' అనగా మురికి. అది సంస్కృతమున 'మల'. 'థూలో' మన స్థూలమే. 'షిల్' అనగా చలి. అందు శీతశబ్దము స్పష్టము. 'లోలో' అనగా ఎరుపు. దాని మూలము లోహితము. రోమనీ భాష భారతదేశమున పుట్టినదని రూడిగర్ అను జర్మను పండితుడు 1782లోనే నిరూపించెను.

అట్లని ఈ గాథయు మన దేశమునుండియే వెడలినదనుట సాహసము. ఉత్తరదేశమున మసూచికమునకు అధిదేవత శీతల, తెలుగునాట పోలేరమ్మ. ఆ అమ్మవార్లు కోపించినను తల్లులే. జాతరలతో, నైవేద్యములతో శాంతించువారు. రోమాల భూతములట్టివి కావు. బలాత్కారమున పుట్టి, తరిమివేయబడవలసినవి. వ్లిస్లోకీ తన సేకరణలకు స్వయముగా మెరుగులు దిద్దెనని తరువాతి విమర్శకులు శంకించిరి. కావున శబ్దముల బంధుత్వము నిశ్చయము. కథల బంధుత్వము నిశ్చయము కాదు.

అయినను ఈ కథలోని వేదన గమనింపదగినది. వలాకియా, మొల్దావియా రాజ్యములలో రోమాలు 1850 దశకము వరకు బానిసలై యుండిరి. 1936లో జర్మనీ ఆరోగ్యశాఖయే 'జాతి శుభ్రత' పేర ఒక పరిశోధన విభాగమును నెలకొల్పి, రోమాలను కొలిచి, లెక్కించి, పట్టికల కెక్కించెను. ఆష్విట్జ్ నిర్బంధ శిబిరమున వారి విభాగములో టైఫస్ జ్వరము విజృంభించెను; 1944 ఆగస్టు 2వ తేది రాత్రి అందు మిగిలియున్న వేలమందిని విషవాయువుతో చంపిరి.

తమ రోగములకు భూతముల పేర్లు పెట్టుకొన్న జాతినే ఇతరులు రోగముగా నెంచిరి. సూక్ష్మజీవులను కనుగొనిన పిమ్మట పోరెస్కోరో భయము తీరవచ్చును. సాటి మనిషిని వ్యాధిగా చూచు దృష్టికి మాత్రము ఔషధము వేరుగా వెదకవలసియున్నది.