పై తరగతులలో పరభాషాభ్యాసము

బడిచదువు ముగియవచ్చిన పిల్లవాని యెదుట నిలుచు గట్టి పరీక్ష పరభాష. కనిగిరి సీమలో మెట్టచేలను నమ్ముకొన్న కాపు తన కుమారుని పై తరగతికి పంపి, "వానికి ఇంగ్లీషు వచ్చుచున్నదా?" అని ఉపాధ్యాయుని అడుగుట మన మెరిగినదే. ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టినది కాదు. దీని పూర్వచరిత్ర కొంత విన్నవించెదను.

ఇంగ్లీషునకు ముందు మన పెద్దలు వేరొక పరభాష భారము మోసిరి. ఆర్కాటు నవాబుల కాలమున కచ్చేరీ వ్రాతలలో పారసీకమునకు పెద్దపీట. వసూలు, రసీదు, దస్తావేజు, జమాబంది అని నేటికిని మనము పలుకు మాటలు ఆ భాష వెంట వచ్చినవే. 1801లో కర్ణాటక నవాబు రాజ్యము ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. నెల్లూరు, ఒంగోలు సీమలును దానితోడనే చేతులు మారెను. నాటినుండి కచ్చేరీలలో ఇంగ్లీషునకు విలువ హెచ్చెను. ఏలిక మారినను రైతు స్థితి మారలేదు. తన గోడు తన మాటలలో దొరకు వినిపించుకొనజాలక దుబాసి నోటిని నమ్ముకొనవలసి వచ్చెను.

అట్టి దుబాసీలలో ఉత్తముడు మన ఒంగోలు ప్రాంతమువాడే. 1784లో జన్మించిన వెన్నెలకంటి సుబ్బారావుగారు పెక్కు భాషలు నేర్చి, మదరాసులోని సదరదాలతు న్యాయస్థానమున 1815 మొదలు 1829 వరకు భాషాంతరీకర్తగా పనిచేసిరి. తమ జీవితకథను ఇంగ్లీషున వ్రాసిరి. వారు 1839లో గతించిన పిమ్మట, 1873లో అది అచ్చయ్యెను. ఈ పనిలోని బరువును పెద్దలు ఆలోచింపుడు. ఇనాము, కౌలు, మాన్యము అను మాటల భేదము తెలియనివాడు అర్జీని తర్జుమా చేసినచో, ఒక్క మాట తప్పుటవలన ఒక కుటుంబము భూమి పోగొట్టుకొనవచ్చును.

1820లో ఏర్పడిన మదరాసు పాఠ్యపుస్తక సంఘములో సుబ్బారావుగారు సభ్యులై, బడుల స్థితినిగూర్చి నివేదిక సమర్పించిరి. పిల్లలు పద్యములను వల్లించుచున్నారే గాని అర్థ మెరుగరనియు, సులభమైన వచనమున కథలును, వ్యాకరణమును వారికి కావలయుననియు దాని సారము. పరభాషలో పండిన వాడు ముందుగా స్వభాషలోని లోపమునే చూపుట గమనింపదగినది. తెలుగులో అర్థ మడుగ నేర్వని బాలుడు ఇంగ్లీషులో మాత్రము ఎట్లడుగును?

1857లో మదరాసు విశ్వవిద్యాలయము వెలసెను. దాని ప్రవేశపరీక్షకు ఇంగ్లీషు తప్పనిసరి యగుటచే ఉన్నత పాఠశాలల చదువంతయు ఆ వాకిలి వైపునకే తిరిగెను. ఒంగోలు మిషను పాఠశాలలో చదివిన టంగుటూరి ప్రకాశముగారు ఆ వాకిలి దాటిన వారే. తండ్రి చిన్ననాడే పోగా, తల్లి భోజనశాల నడపి వారిని పెంచెను. 1904లో వారు ఇంగ్లండునకేగి బారిష్టరై వచ్చి, 1921లో మదరాసున స్వరాజ్య యను ఇంగ్లీషు దినపత్రికను స్థాపించిరి. ఏలికల భాష ఏలికలనే నిలదీయుటకు పనికివచ్చెను.

ఈ వాకిలి దాటని వారి మాట యేమి? దానికి మన సీమయే సాక్షి. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో పండ్లు గారపట్టి, ఎముకలు బిగిసి, నడుములు వంగిపోవుటకు నూతినీటిలోని ఫ్లోరైడు కారణమని షార్టు మొదలగు వైద్యులు 1937లో ప్రకటించిరి. వారు వ్రాసినది ఇంగ్లీషున, వైద్యుల పత్రికలో. నీరు మనది, నొప్పి మనది. దాని కారణము మాత్రము మన పల్లెలో పెక్కురు చదువజాలని భాషలో నుండెను. పరభాష నేర్చిన పల్లె బిడ్డ చేయవలసిన పని యేదో ఇంతకంటె స్పష్టముగా చెప్పు ఉదాహరణము నాకు దొరకలేదు.

నేడు పదవ తరగతిలోను, పిదప ఇంటర్మీడియేటు రెండేండ్లలోను ఇంగ్లీషు తప్పనిసరి పాఠమే. మార్కులు వచ్చుచున్నవి, సంతోషమే. కాని వల్లెవేసిన జవాబునకును మార్కులు రావచ్చును. కాబట్టి పెద్దలకు ఒక్క మనవి. మీ మనుమడు పై తరగతిలో నున్నచో, మందుసీసాపైనున్న ఇంగ్లీషు చీటినో, బ్యాంకు కాగితమునో వానిచేతికిచ్చి, "ఇందేమున్నదో తెలుగున చెప్పు నాయనా" అని అడుగుడు. మనుమరాలినిని అట్లే అడుగుడు. మీకు తెలియునట్లు చెప్పిరా, వారికి భాష వచ్చినట్లే. తడబడినచో కోపింపక, మరునాడు మరల అడుగుడు. సుబ్బారావుగారు 1820లో కోరిన అర్థజ్ఞానము ఈ రీతిని మీ అరుగుమీదనే ఆరంభము కాగలదు.