సంవత్సరాది ఎవరి లెక్క?

చార్మినార్ దగ్గర నిలబడి సంవత్సరాది ఎప్పుడని అడిగితే ఒక్క జవాబు రాదు. ఆ కట్టడమే హిజ్రీ 1000, అంటే 1591–92 నాటిది. హిజ్రీ ఏడు మొహర్రంతో మొదలవుతుంది. తెలుగిళ్లలో చైత్రాన ఉగాది. మార్వాడీ దుకాణాల్లో దీపావళికి కొత్త ఖాతా పుస్తకాలకు పూజ. నిజాం దఫ్తర్లలో ఫసలీ ఏడు అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఫసల్ అంటే పంట. పేరు రైతుది, శిస్తు లెక్క సర్కారుది.

తూర్పు ఆసియా ఆచారాల గురించి చదువుతుంటే నాకు ఆ దఫ్తరే గుర్తొచ్చింది. చైనా సంవత్సరాది అనగానే ఎర్ర కాగితాలు, టపాసులు చెప్పుకుంటాం. పాత ఏడు ముగిసేలోగా బాకీలు తీర్చాలన్నదీ అక్కడి ఆచారమే. అప్పులున్నవాడికి ఆ రాత్రి పండుగ కాదు, గండం. జపాన్ 1873లో చాంద్రమానం వదిలి పాశ్చాత్య పంచాంగం చేపట్టింది. అధికమాసపు జీతాలు ఖజానాకు మిగలడం అందుకు ఒక కారణం.

పంచాంగం మార్చేది పాలకులు. పండుగను నిలబెట్టుకునేది ప్రజలు. తెలంగాణలో నాగు తెచ్చుకున్న రైతు ధాన్యం వడ్డీతో సహా కొలిచేవాడు. ఆచారాల చరిత్ర రాసేవాళ్లు ఉగాది పచ్చడిలోని ఆరు రుచులతో ఆగకుండా, ఆ రోజుకు ఎవరి పేరున ఎంత బాకీ నిలిచిందో కూడా రాయాలని నా మనవి.