వీఏఆర్‌పై అభిమానుల మాట: తీర్పు సరిగా ఉండాలి, గోల్ సంబరమూ దక్కాలి

ఫుట్‌బాల్‌లో బంతి వలను తాకగానే గ్యాలరీలు హోరెత్తడం ఆట పుట్టిననాటి నుంచీ ఉన్నదే. కొన్నేళ్లుగా ఆ హోరు వెనకే ఒక సందిగ్ధం కూడా వచ్చి చేరింది. గోల్ పడ్డాక రిఫరీ చెవి దగ్గర చేయి ఉంచి నిలబడితే, అది నిలుస్తుందో రద్దవుతుందో తెలియక వేలాది మంది ఎదురుచూడాల్సి వస్తోంది. వీడియో అసిస్టెంట్ రిఫరీ, క్లుప్తంగా వీఏఆర్, ఆటలోకి తెచ్చిన మార్పు ఇది.

ఈ సాంకేతికతను అభిమానులు కోరుకుంటున్నారా, వద్దంటున్నారా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. టీవీలో రీప్లే చూసేవారికి ఒక అభిప్రాయం ఉంది. టికెట్ కొనుక్కుని స్టేడియానికి వెళ్లేవారిది మరొకటి. వీఏఆర్ ఇంకా అందుబాటులోకి రాని భారత్ వంటి దేశాల అభిమానుల ఆలోచన ఈ రెంటికీ భిన్నం. వ్యతిరేకించేవారిలో అత్యధికులు న్యాయమైన తీర్పును కాదనడం లేదు. ఆ తీర్పు కోసం ఆటలో ఏం వదులుకోవాల్సి వస్తోందన్నదే వారి ప్రశ్న.

ఎందుకు అవసరమైంది?

రిఫరీ కంటికి కనిపించని తప్పును కోట్లాది మంది టీవీ ప్రేక్షకులు స్పష్టంగా చూడగలిగిన రోజుల్లోనే వీడియో సాయం కోసం డిమాండ్ బలపడింది. 2009 నవంబరు 18న పారిస్‌లో జరిగిన ప్రపంచ కప్ ప్లేఆఫ్‌లో ఫ్రాన్స్ ఆటగాడు థియరీ ఆన్రీ బంతిని చేతితో ఆపి అందించగా విలియం గాలాస్ గోల్ చేశాడు. రిఫరీ దాన్ని గుర్తించలేదు. ఐర్లాండ్ 2010 ప్రపంచ కప్‌కు దూరమైంది. ఆ ప్రపంచ కప్‌లోనే జూన్ 27న జర్మనీపై ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి గోల్ గీత దాటి లోపల పడింది. గోల్ ఇవ్వలేదు. అప్పటికి 2-1తో వెనుకబడి ఉన్న ఇంగ్లండ్ చివరకు 4-1తో ఓడింది.

ఈ ఉదంతం తర్వాత బంతి గీత దాటిందో లేదో తేల్చే గోల్‌లైన్ సాంకేతికతకు 2012లో ఆమోదం లభించింది. 2014 బ్రెజిల్ ప్రపంచ కప్‌లో దాన్ని వాడారు. రిఫరీ చేతి గడియారానికి క్షణంలో సంకేతం అందుతుంది కాబట్టి ఆట ఆగదు. ఈ విధానంపై అభిమానుల నుంచి పెద్దగా వ్యతిరేకత రాలేదు. గీత దాటిందా, లేదా అన్నదానికి అవును, కాదు అనే రెండే జవాబులు. హ్యాండ్‌బాల్, ఫౌల్ విషయంలో అలా కాదు. అక్కడ ఒకే దృశ్యాన్ని చూసి ఇద్దరు రిఫరీలు రెండు రకాలుగా తేల్చవచ్చు. వివాదమంతా ఇక్కడే మొదలైంది.

ఎలా పనిచేస్తుంది?

ఫుట్‌బాల్ నిబంధనలను రూపొందించే అంతర్జాతీయ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు 2018 మార్చిలో వీఏఆర్‌ను నిబంధనావళిలో చేర్చింది. అంతకుముందే 2017-18 సీజన్ నుంచి జర్మనీ, ఇటలీ ప్రధాన లీగ్‌లలో అది అమలులో ఉంది. అప్పుడు ఆమోదించిన నిబంధనల ప్రకారం నాలుగు అంశాల్లోనే జోక్యానికి వీలుంది. అవి గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, కార్డు చూపే సమయంలో ఒకరికి బదులు మరొకరిని పొరబడటం.

వీడియో గదిలోని అధికారులు ప్రతి గోల్‌నూ నిశ్శబ్దంగా తనిఖీ చేస్తారు. స్పష్టమైన పొరపాటు కనిపిస్తేనే మైదానంలోని రిఫరీకి చెబుతారు. ఆఫ్‌సైడ్ వంటి అంశాల్లో వీడియో గది సమాచారమే సరిపోతుంది. ఫౌల్, హ్యాండ్‌బాల్ వంటి వాటిలో రిఫరీ సాధారణంగా మైదానం పక్కనున్న తెరపై దృశ్యాన్ని స్వయంగా చూస్తాడు. తుది నిర్ణయం ఎప్పుడూ అతడిదే. జోక్యం అతి తక్కువగా, ప్రయోజనం అత్యధికంగా ఉండాలన్నది ఈ విధానం లక్ష్యం.

2018లో రష్యాలో తొలిసారిగా పురుషుల ప్రపంచ కప్‌లో దీన్ని వాడారు. ఫైనల్లో క్రొయేషియా ఆటగాడు ఇవాన్ పెరిసిచ్ చేతికి బంతి తగిలిందని వీడియో గది సూచించింది. రిఫరీ తెరపై చూసి ఫ్రాన్స్‌కు పెనాల్టీ ఇచ్చాడు. దాన్ని ఆంట్వాన్ గ్రీజ్‌మన్ గోల్‌గా మలిచాడు. ఫ్రాన్స్ 4-2తో కప్ గెలిచింది. అది ఉద్దేశపూర్వకమైన హ్యాండ్‌బాలా, కాదా అన్న చర్చ మాత్రం రీప్లేలతో తెగలేదు.

స్టేడియంలో కూర్చున్నవారి ఫిర్యాదు

వీఏఆర్‌పై ఎక్కువ అసంతృప్తి వినిపించేది స్టేడియానికి వెళ్లే అభిమానుల నుంచే. టీవీ చూసేవారికి వివిధ కోణాల్లో దృశ్యాలు కనిపిస్తాయి. వ్యాఖ్యాతలు ఏం జరుగుతోందో వివరిస్తారు. గ్యాలరీలో ఉన్నవారికి మాత్రం తనిఖీ జరుగుతోందన్న ఒక వాక్యం తప్ప మరేమీ తెలియని సందర్భాలే ఎక్కువ. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2019-20లో వీఏఆర్ మొదలైనప్పుడు ఓల్డ్ ట్రాఫర్డ్, ఆన్‌ఫీల్డ్ స్టేడియాల్లో అందుకు వీలైన పెద్ద తెరలు కూడా లేవు. డబ్బు చెల్లించి వచ్చినవాడికే అందరికన్నా తక్కువ సమాచారం అందడం అభిమాన సంఘాలకు మింగుడుపడలేదు.

రెండో ఫిర్యాదు గోల్ సంబరానికి సంబంధించినది. ఫుట్‌బాల్‌లో గోల్స్ అరుదు. తొంభై నిమిషాల ఎదురుచూపు ఒక్క క్షణంలో ఫలిస్తుంది. తర్వాత రద్దు కావచ్చన్న అనుమానం ఉంటే ఆ క్షణం పూర్తిగా దక్కదు. గోల్ ఖరారయ్యాక చేసుకునే సంబరం మొదటి ఉద్వేగానికి సాటిరాదని వ్యతిరేకులు అంటారు.

సమయం సంగతి మూడోది. 2018 ఏప్రిల్ 16న జర్మనీలో మైంజ్, ఫ్రైబర్గ్ జట్ల మ్యాచ్‌లో విరామానికి విజిల్ ఊదాక ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూముకు వెళ్లిపోయారు. ఆ తర్వాత హ్యాండ్‌బాల్ జరిగిందని తేలడంతో రిఫరీ వారిని వెనక్కి పిలిపించి మైంజ్‌కు పెనాల్టీ ఇచ్చాడు. అది గోల్ అయింది. నిబంధనల పరంగా తప్పు లేకపోయినా, ఆట లయను వీడియో ఎంతగా చెదరగొట్టగలదో చెప్పడానికి ఈ ఘటన ఉదాహరణగా మిగిలింది.

కచ్చితత్వం పెరిగిందా?

పెరిగిందనే నిర్వాహకులు చెబుతున్నారు. ప్రీమియర్ లీగ్ లెక్కల ప్రకారం కీలక ఘట్టాల్లో సరైన నిర్ణయాలు వీఏఆర్‌కు ముందు 82 శాతం ఉండగా, 2023-24 నాటికి 96 శాతానికి చేరాయి. సమర్థించే అభిమానుల ప్రధాన వాదన కూడా ఇదే. ఒక తప్పుడు పెనాల్టీ వల్ల జట్టు దిగువ డివిజన్‌కు పడిపోతే, ఆ నష్టం కొన్ని నిమిషాల ఆలస్యంకన్నా చాలా పెద్దదని వారు గుర్తుచేస్తారు.

అయితే మిగిలిన కొద్ది తప్పులు మరింత బాధించేలా ఉంటున్నాయి. 2023 సెప్టెంబరు 30న టోటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ చేసిన గోల్‌ను మైదానంలో ఆఫ్‌సైడ్‌గా ప్రకటించారు. నిజానికి అతడు ఆన్‌సైడ్‌లో ఉన్నాడు. మైదానంలో గోల్ ఇచ్చారనుకున్న వీడియో గది అధికారులు తనిఖీ పూర్తయిందని చెప్పేశారు. పొరపాటు తెలిసేలోపే ఆట తిరిగి మొదలైంది. లివర్‌పూల్ 2-1తో ఓడింది. తర్వాత రిఫరీల సంస్థ తప్పు ఒప్పుకుని సంభాషణల ఆడియోను విడుదల చేసింది. యంత్రం సరిగానే చూపినా, మనుషుల మధ్య మాట పొరపడితే ఫలితం తారుమారవుతుందని అది రుజువు చేసింది.

దీనికి మరో పార్శ్వం అతి సూక్ష్మమైన ఆఫ్‌సైడ్‌లు. 2019 నవంబరులో ఆస్టన్ విల్లాపై లివర్‌పూల్ ఆటగాడు రాబర్టో ఫర్మినో గోల్‌ను చంక భాగం గీత దాటిందన్న కారణంతో రద్దు చేశారు. దాడికి దిగిన ఆటగాడు అన్యాయంగా లాభపడకూడదన్నది ఆఫ్‌సైడ్ నిబంధన ఉద్దేశం. కంటికి ఆనని తేడా వల్ల ఏ లాభం కలుగుతుందన్నది అభిమానుల ప్రశ్న.

ఓటు ఉన్న చోట

వీఏఆర్ భవితవ్యాన్ని తేల్చడంలో అభిమానుల మాటకు ఎంత విలువ ఉందన్నది దేశాన్ని బట్టి మారుతోంది. స్వీడన్‌లో క్లబ్బుల ఓటు హక్కుల్లో కనీసం 51 శాతం సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. సభ్యులంటే ప్రధానంగా అభిమానులే. వార్షిక సమావేశాల్లో వారు వ్యతిరేకంగా ఓటు వేయడంతో పలు క్లబ్బులు అదే వైఖరి తీసుకున్నాయి. ఫలితంగా వీఏఆర్‌ను ప్రవేశపెట్టబోమని 2024 ఏప్రిల్‌లో స్వీడన్ ఫుట్‌బాల్ సంఘం ప్రకటించింది.

పొరుగున ఉన్న నార్వేలో 2023లోనే అది అమలులోకి వచ్చింది. 2024 జులైలో రోసెన్‌బోర్గ్, లిల్లెస్ట్రోమ్ మ్యాచ్‌లో అభిమానులు నిరసనగా టెన్నిస్ బంతులు, చేపలతో చేసిన తినుబండారాలు మైదానంలోకి విసిరారు. మ్యాచ్‌ను మధ్యలోనే నిలిపివేశారు. 2025 జనవరిలో అగ్రశ్రేణి రెండు డివిజన్ల క్లబ్బులు 19-13 తేడాతో వీఏఆర్ తొలగింపునకు సిఫార్సు చేశాయి. కానీ మార్చిలో జరిగిన జాతీయ సంఘం మహాసభలో 321 మంది ప్రతినిధులు కొనసాగింపునకు, 129 మంది తొలగింపునకు ఓటేశారు. వీఏఆర్ అక్కడ నిలిచింది.

ఇంగ్లండ్‌లో అభిమానులకు అటువంటి ఓటు లేదు. 2024 మేలో వోల్వర్‌హాంప్టన్ వాండరర్స్ క్లబ్ వీఏఆర్ రద్దు ప్రతిపాదన తెచ్చింది. గోల్ సంబరం దెబ్బతినడం, స్టేడియంలో అయోమయం, సుదీర్ఘ తనిఖీలు, నమ్మకం సన్నగిల్లడం వంటి కారణాలను ప్రస్తావించింది. గ్యాలరీల్లో ఏళ్లుగా వినిపిస్తున్న మాటలే అవి. రద్దుకు 20 క్లబ్బుల్లో 14 మద్దతు కావాల్సి ఉండగా, జూన్ 6న జరిగిన ఓటింగులో ప్రతిపాదించిన క్లబ్ ఒంటరిగా మిగిలింది. 19-1తో వీఏఆర్ కొనసాగింది. అయితే జాప్యం తగ్గించడానికి, ప్రేక్షకులకు మెరుగైన సమాచారం ఇవ్వడానికి క్లబ్బులు అంగీకరించాయి.

భారత అభిమానుల కోణం

ఐరోపా అభిమానులు వీఏఆర్ వల్ల కలిగే ఇబ్బందుల గురించి మాట్లాడుతుంటే, భారత అభిమానులు అది లేకపోవడం వల్ల కలిగిన నష్టాన్ని తలచుకుంటారు. 2024 జూన్ 11న దోహాలో ఖతార్‌తో జరిగిన ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ ఇందుకు నిదర్శనం. గెలిస్తే భారత్ తొలిసారి మూడో రౌండుకు చేరేది. 37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్టే గోల్‌తో ఆధిక్యం దక్కింది. 73వ నిమిషంలో బంతి గోల్ పక్కన గీత దాటి బయటకు వెళ్లింది. భారత ఆటగాళ్లు ఆగిపోయారు. ఖతార్ ఆటగాడు దాన్ని వెనక్కి లాగగా యూసుఫ్ ఐమన్ వలలోకి పంపాడు. రిఫరీ గోల్ ఇచ్చేశాడు. ఆ రౌండులో వీఏఆర్ లేదు. భారత్ 1-2తో ఓడి నిష్క్రమించింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఫిర్యాదు చేసినా ఫలితం మారలేదు. గోల్‌కు ముందు బంతి బయటకు వెళ్లిందా అన్నది వీఏఆర్ పరిధిలో ఉన్న అంశమే. అక్కడ ఒక్క రీప్లేతో తీర్పు మారి ఉండేది.

ఇండియన్ సూపర్ లీగ్‌లోనూ ఈ డిమాండ్ ఉంది. 2023 మార్చి 3న బెంగళూరులో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ప్లేఆఫ్‌లో సునీల్ ఛెత్రీ వేగంగా కొట్టిన ఫ్రీకిక్ గోల్ కావడంతో బ్లాస్టర్స్ జట్టు మైదానం వీడింది. క్లబ్‌కు రూ.4 కోట్ల జరిమానా పడింది. ఆ తర్వాత వీఏఆర్ చర్చ జోరందుకుంది. కానీ ఫ్రీకిక్‌ను అలా కొట్టనివ్వడం రిఫరీ విచక్షణకు చెందినది కాబట్టి, వీఏఆర్ ఉన్నా ఆ తీర్పు మారేదని చెప్పలేం. కెమెరాలు, శిక్షణ పొందిన అధికారులు, ప్రసార సదుపాయాలకు అయ్యే ఖర్చే లీగ్‌కు ప్రధాన అడ్డంకి.

క్రికెట్ అనుభవం

డీఆర్‌ఎస్‌కు అలవాటుపడిన భారతీయ ప్రేక్షకులకు ఈ చర్చ కొత్తది కాదు. 2008లో శ్రీలంక పర్యటనలో తొలిసారి ఎదురైన ఆ విధానాన్ని భారత్ ఏళ్ల తరబడి వ్యతిరేకించి, 2016లో ఇంగ్లండ్ సిరీస్‌తో అంగీకరించింది. క్రికెట్‌లో ప్రతి బంతి తర్వాత ఆట ఎలాగూ ఆగుతుంది. సమీక్ష కోరేది ఆటగాళ్లు. థర్డ్ అంపైర్ చూసే దృశ్యాలే స్టేడియం తెరపైనా కనిపిస్తాయి. అందుకే అక్కడ ఎదురుచూపు కూడా ఆటలో ఒక ఉత్కంఠ ఘట్టంగా మారింది. ఫుట్‌బాల్‌లో ప్రేక్షకుడు ఆ ప్రక్రియకు బయటే ఉండిపోయాడు.

దిద్దుబాటు దిశగా

ఆ దూరం తగ్గించే ప్రయత్నాలు మొదలయ్యాయి. 2022 ఖతార్ ప్రపంచ కప్‌లో పాక్షిక స్వయంచాలక ఆఫ్‌సైడ్ విధానం వచ్చింది. 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి శరీరంపై 29 బిందువులను సెకనుకు 50 సార్లు గుర్తిస్తాయి. బంతిలోని సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపుతుంది. ప్రీమియర్ లీగ్ తన సొంత తరహా విధానాన్ని 2025 ఏప్రిల్‌లో ప్రారంభించింది. 2023 మహిళల ప్రపంచ కప్‌లో రిఫరీలు తమ నిర్ణయాన్ని మైకులో స్టేడియం మొత్తానికి ప్రకటించారు. తక్కువ కెమెరాలతో, కోచ్‌లు మ్యాచ్‌కు రెండుసార్లు సమీక్ష కోరే ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ విధానాన్ని 2024లో ఫిఫా మహిళల జూనియర్ ప్రపంచ కప్‌లలో పరీక్షించారు. ఖర్చు భరించలేని లీగ్‌లకు ఇది దారి చూపవచ్చు.

వేగం పెరిగితే ఆలస్యంపై ఫిర్యాదు తగ్గుతుంది. ప్రకటనలు, తెరలు పెరిగితే అయోమయం తగ్గుతుంది. ఏది హ్యాండ్‌బాల్, ఏది ఫౌల్ అన్న వివాదాన్ని మాత్రం ఏ కెమెరా తీర్చలేదు. గోల్ పడిన క్షణంలో మనసారా కేకవేయగలిగే స్వేచ్ఛ ఎంతవరకు తిరిగి దక్కుతుందన్నదాన్ని బట్టే స్టేడియంలోని అభిమాని వీఏఆర్‌పై తన తీర్పు చెబుతాడు.