ట్రైబ్, క్యాస్ట్, క్లాస్: మన మీద పడిన మాటలు

కులం, జాతి, తెగ అనే మాటలను మనం ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. ఇంగ్లీషులో ట్రైబ్, క్యాస్ట్, క్లాస్ కూడా పైకి దగ్గరి మాటల్లానే కనిపిస్తాయి. కానీ ఎరుకల, సుగాలి పెద్దల చరిత్ర చూస్తే, అలాంటి మాటల మధ్య ఉన్న సన్నని తేడా బతుకులనే మార్చేసిందని తెలుస్తుంది.

ఒకప్పుడు మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు. తిరిగేవాళ్లకు ఇంగ్లీషులో మూడు మాటలున్నాయి. ఐటినరెంట్ అంటే పని మీద ఊళ్లు తిరిగేవాడు. నోమాడ్ అంటే స్థిరమైన ఊరు లేకుండా తనవాళ్లతో కదిలేవాడు. వేగ్రెంట్ అంటే ఇల్లూ పనీ లేని దిమ్మరి. ఈ మూడో మాటలోనే అనుమానం ఉంది. రైళ్లు వచ్చి ఎద్దుల బేరం దెబ్బతిన్నాక, మొదటి మాటకు తగిన మనవాళ్లను దొరలు మూడో మాటతో చూశారు.

1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ట్రైబ్, గ్యాంగ్, క్లాస్ అనే మూడు మాటలనూ ఒకే వరుసలో పెట్టింది. గ్యాంగ్ నేరం కోసం కూడిన గుంపు. ట్రైబ్ పుట్టుకతో వచ్చేది. రెంటినీ ఒకే గాటన కట్టేసరికి పుట్టుకే నేరమైంది. సస్పెక్ట్ అంటే అనుమానితుడు, అక్యూజ్డ్ అంటే నిందితుడు, కన్విక్ట్ అంటే కోర్టులో నేరం రుజువైనవాడు. ఇంగ్లీషువాళ్ల న్యాయంలోని ఈ మెట్లు మనవాళ్లకు లేకుండా పోయాయి. 1911 చట్టంతో ఈ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడే.

మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని ఎత్తేసింది. దేశమంతటికీ విచారణ జరిపిన కమిటీకి అధ్యక్షుడు తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. మనం డీనోటిఫైడ్, అంటే విముక్త జాతులం అయ్యాం. దాని చోట హాబిచువల్ అఫెండర్ అన్న మాట వచ్చింది. అది జాతిని కాక, మళ్లీ మళ్లీ నేరం చేసిన మనిషిని మాత్రమే చెప్పాలి. కాగితం మీద తేడా పెద్దదే, పాత చూపు మాత్రం పోలేదు. అందుకే 2024 అక్టోబరులో కూడా జైలు నిబంధనల్లో మిగిలిన ఆ పాత ముద్రలను సుప్రీంకోర్టు తప్పుపట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు కుప్పంలో నిలబడి చూద్దాం. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. మదనపల్లె, పుంగనూరు వైపు తండాల సుగాలీలు మన రాష్ట్రంలో షెడ్యూల్డ్ ట్రైబ్. కర్ణాటకలో లంబాణీలు షెడ్యూల్డ్ క్యాస్ట్. తమిళనాడులో లంబాడీలు బ్యాక్‌వర్డ్ క్లాస్. ఇంట్లో మాట్లాడే గోర్ బోలి మాత్రం ఒకటే. ఎరుకలవాళ్లు ఇక్కడ ట్రైబ్, కర్ణాటకలో కొరచ, కొరమ పేర్లతో క్యాస్ట్. పెళ్లయి అటు పోయిన ఆడబిడ్డకు ఇక్కడి సర్టిఫికెట్ అక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు.

ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఒక్కటే. ఇంగ్లీషు పాఠంలో ఒకే అర్థమిచ్చే మాటలంటూ జాబితా రాయించేటప్పుడు, అక్యూజ్డ్‌కూ కన్విక్ట్‌కూ తేడా మన పిల్లలతో పైకి చెప్పించండి. స్టేషన్‌లోనైనా, మండలాఫీసులోనైనా తమ మీద ఏ మాట రాస్తున్నారో చదివి, అది తప్పయితే తప్పని చెప్పగలగాలి.