పిల్లి ఇంట్లోనా, బయటనా?

పిల్లిని కట్టడి చేయాలా, దాని మానాన వదలాలా? గాదెలున్నప్పటినుంచీ ఉన్న ప్రశ్న ఇది. మనిషి ధాన్యం నిలవచేశాడు, ఎలుకలు చేరాయి, వాటి వెంట అడవిపిల్లి వచ్చింది. మనం పిలిచి తెచ్చుకున్నది కాదు సుమా! సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్లనాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో ప్రకటించారు. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు. పడవమీద వెంటబెట్టుకు పోయారన్నమాట.

మరి బయట వదిలితే? న్యూజీలాండ్‌లో స్టీఫెన్స్ అనే చిన్న దీవిలో 1894లో దీపస్తంభం వెలిగింది. ఆ రోజుల్లోనే పిల్లులూ చేరాయి. అక్కడ నేలమీద తిరిగే, ఎగరలేని చిన్న పిట్ట ఉండేది. పిల్లి కరచుకొచ్చిన పిట్టలను దీపస్తంభం ఉద్యోగి డేవిడ్ లయల్ పక్షిశాస్త్రజ్ఞులకు పంపాడు. లోకానికి ఆ పిట్ట సంగతి అలా తెలిసింది. కొద్ది ఏళ్లలోనే జాతి అంతరించింది. ఒక్క పిల్లే తినేసిందంటారు, అది కట్టుకథ. పిల్లులు పెరిగిపోయాయి, 1925కు గాని వాటిని నిర్మూలించలేకపోయారు.

మన ఊళ్లు దీవులు కావు, నిజమే. అయినా చేలో పురుగులేరే పిట్టలు మనకు కావాలి. కనుక చీకటి పడగానే పిల్లిని బస్తాల కొట్టులో వేసి తలుపు మూయండి; ఎలుకలు తిరిగే వేళా అదే. మూలన తట్టలో ఇసుక పోయండి. రాశిపోసిన గింజల దగ్గర మాత్రం వద్దు, అక్కడే మలవిసర్జన చేస్తుంది. పందికొక్కుతో తలపడే పిల్లి అరుదు, దానికి బోను పెట్టండి. పొలంలో ఎలుకల మందు పెట్టిన రోజుల్లో పిల్లిని పగలు కూడా బయటికి వదలకండి. మందు తిన్న ఎలుకను తింటే పిల్లికీ ప్రాణాపాయమే.