దత్తత తేదీ పండుగ ఎలా అయింది?

బెంగళూరులో కొన్ని తెలుగు ఇళ్లల్లో దత్తత బిడ్డకు ఏటా రెండు వేడుకలు చేస్తున్నారు: పుట్టినరోజు ఒకటి, ఇంటికొచ్చిన రోజు ఒకటి. రెండోది ఐటీ ఉద్యోగులు అమెరికా నుంచి తెచ్చుకున్న అలవాటని తేల్చేస్తుంటారు. కేకు అక్కడిదే కావచ్చు. కానీ జరుపుకోవడానికి ఆ బిడ్డకు ఒక తేదీ దొరకడం వెనక మన చట్టాల చరిత్ర ఉంది.

పూర్వం దత్తత గుట్టుగా జరిగేది కాదు. బంధువుల ఎదుట హోమం చేసి, కన్నవాళ్ల ఒడిలోంచి పెంచేవాళ్ల ఒడిలోకి బిడ్డను అందించేవారు. మైసూరు రాజు మూడో కృష్ణరాజ ఒడెయరు 1865లో చామరాజేంద్రుణ్ని దత్తు తీసుకుంటే, ఆ వారసత్వాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1867లో గాని ఒప్పుకోలేదు. అదంతా గద్దె కోసం, పిండం కోసం; బిడ్డ పండుగ కాదు.

అసలు చిక్కు 1956 తర్వాతిది. హిందూ దత్తత చట్టం ఆడపిల్లనూ దత్తు తీసుకోనిచ్చింది. హోమం లేకున్నా ఫర్వాలేదు, బిడ్డను ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం జరగాలంది. కన్నవాళ్లెవరో తెలియని పసికందును ఎవరివ్వాలి? 1962 సవరణతోనే కోర్టు అనుమతి మీద సంరక్షకులు ఇవ్వగలిగారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఆ చట్టం వర్తించదు. బాలల న్యాయ చట్టానికి 2006లో సవరణ వచ్చేదాకా వాళ్లలో చాలామంది 1890 నాటి సంరక్షకుల చట్టం కింద సంరక్షకులుగానే మిగిలారు. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు, విదేశీ దత్తతల విచారణ ఆంతరంగికంగా జరగాలని, పత్రికల్లో నోటీసులు వేయకూడదని చెప్పింది. బిడ్డ మేలు కోరే అలా చెప్పింది. అయితే కోర్టు పాటించమన్న గోప్యతను మన కుటుంబాలు ఇంట్లోకీ తెచ్చుకుని, బిడ్డకే చెప్పకుండా దాచాయని నా అభిప్రాయం. తప్పంతా కోర్టుదనను. గొడ్రాలన్న మాట పడతామన్న భయం, ఆస్తి తగాదాలు అంతకుముందే ఉన్నాయి.

2015 బాలల న్యాయ చట్టం కింద శిశుగృహం నుంచి వచ్చిన బిడ్డకు తేదీ వేసిన ఒక దత్తత ఉత్తర్వు ఉంటుంది. 2021 సవరణ తర్వాత దాన్ని జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. ఆ తర్వాత వచ్చే జనన ధ్రువపత్రంలో పెంచిన అమ్మానాన్నల పేర్లే ఉంటాయి. బడికీ, పాస్‌పోర్టుకూ చూపించే ఆ కాగితంలో దత్తత ఊసే ఉండదు. బీరువాలో దాచిన ఉత్తర్వులోని సంగతిని పిల్లల ముందు పైకి చెప్పే రోజు ఇదొక్కటే కాబట్టి ఈ వేడుక నాకు ఇష్టం.

అభ్యంతరాలూ ఉన్నాయి. అమెరికాలో పెరిగి పెద్దయిన దత్తపిల్లల్లో కొందరు ఈ పండుగను గట్టిగా కాదంటున్నారు: అది ఒక తల్లి తమను పోగొట్టుకున్న రోజు కూడా కదా అని. వాళ్ల మాట వినాలి. కన్నతల్లి ప్రస్తావనే లేని కేకు కోత, బిడ్డ ముఖం కనబడేలా వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు, ‘నిన్ను ఆదుకున్నాం’ అనే ధోరణి నాకు నచ్చవు. దత్తత ఇచ్చేముందు వయసునుబట్టి బిడ్డ ఇష్టం తెలుసుకోమని చట్టమే అంటోంది. ఎనిమిదేళ్ల పిల్ల ఈ ఏడు వద్దంటే ఆ ఇంట్లో ఈ ఏడు వేడుక మానేయాలి.